గంట ముందే లేచే సూత్రానికి ‘నిద్రాపహారిణి’ వ్యాఖ్య

టీక మొదలుపెట్టే ముందు మూలం ఇవ్వడం మర్యాద. మూలం ఇది:

“ఉదయం ఒక గంట ముందే నిద్ర లేస్తే ఇల్లూ ఉద్యోగమూ రెండూ హాయిగా సాగిపోతాయి.”

అవతారిక. ఈ సూత్రం అజ్ఞాతకర్తృకం. పత్రికల మహిళా పేజీల్లో, మార్చి 8న శాలువాలు కప్పే సభల్లో, తెల్లారకముందే ఫోనులో వచ్చి వాలే శుభోదయాల్లో ఇది దర్శనమిస్తుంది. పక్కన తప్పకుండా ఓ బొమ్మ ఉంటుంది. పది చేతుల ఇల్లాలు, ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఒక చేతిలో చంటిబిడ్డ, ఒక చేతిలో చీపురు, ముఖాన చిరునవ్వు. మహిషాసురుడు మాత్రం బొమ్మలో ఉండడు, సోఫాలో ఉంటాడు. వేదం లాగే ఈ సూత్రమూ అపౌరుషేయమని కొందరి నమ్మకం. వేదికల మీద దీన్ని పలికేవాళ్లలో పురుషులే ఎక్కువ కాబట్టి ఆ వాదం నిలవదు.

ఇంత ప్రసిద్ధమైన సూత్రానికి టీక లేకపోవడం తెలుగు పాండిత్యానికి లోటు. రఘువంశానికి మల్లినాథ సూరి ‘సంజీవని’ రాశాడు, కిరాతార్జునీయానికి ‘ఘంటాపథం’, మాఘకావ్యానికి ‘సర్వంకష’. ఆయన మెదకు సీమ కొలిచాల వంశీకుడు, మనవాడే. వేదం వేంకటరాయ శాస్త్రిగారు ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రాసినప్పుడు దానికీ ‘సంజీవని’ అనే పేరు పెట్టుకున్నారు. టీకకు బిరుదులాంటి పేరొకటి ఉండాలన్న ఆ సంప్రదాయాన్ని పట్టి ఈ వ్యాఖ్యకు ‘నిద్రాపహారిణి’ అని నామకరణం చేయడమైనది. సంజీవని చచ్చినవాళ్లను లేపుతుంది. ఇది పడుకున్నవాళ్లను లేపుతుంది.

సూత్రానికి లక్ష్యం చూపాలి గనుక దేశం చెప్పాలి. తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, నాగలమడిక హోబళిలోని తిరుమణి. జిల్లా కర్ణాటకది, తాలూకా చుట్టూ దాదాపుగా ఆంధ్ర సీమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పొద్దున సంగటి, ఊరిబిండి సిద్ధం చేసిన తల్లే రాత్రి పిల్లవాడి కన్నడ హోంవర్కు కూడా దిద్దించాలి. ఆ లిపి తనకు వచ్చా రాదా అని సూత్రకారుడు అడగలేదు.

ఇప్పుడు తిరుమణి పేరు చెబితే చెనక్కాయ చేలు ఎవరికీ గుర్తు రావు. వళ్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు, తిరుమణి, ఈ ఐదు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల మేర ‘శక్తిస్థళ’ అనే సౌరవిద్యుత్ పార్కు పరుచుకుని ఉంది. 2018 మార్చిలో మొదలై 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. రైతుల దగ్గర భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువు తాలూకాలో వానతో పని లేకుండా వచ్చే డబ్బు ఇది. పట్టా ఉన్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. పట్టా లేనివాళ్ల సంగతి ముందు ముందు వస్తుంది.

ఈ పార్కులోని ప్యానెళ్లలో ఒక్కదాన్నయినా గంట ముందే లేవమని ఏ సభలోనూ ఎవరూ ఉపదేశించలేదు. సూర్యుడు వచ్చాకే అవి పనిలోకి దిగుతాయి, పొద్దు గూకగానే మానేస్తాయి. మబ్బు పడితే మెల్లగా చేస్తాయి. వాటిని ఎవరూ సోమరులనరు. సౌర కేంద్రాల్లో ప్యానెళ్లు కడిగే పని మాత్రం సాధారణంగా తెల్లవారుజామునో, పొద్దు పోయాకో జరుగుతుంది. కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు, ఎండ ఉన్నంతసేపూ ఉత్పత్తికి అడ్డం రాకూడదు. కాబట్టి అద్దం సుఖంగా ఉండే వేళ మనిషికి డ్యూటీ వేళ. తెల్లవారుజామున పనిలో ఉండాల్సిన తల్లి, సూత్రం ప్రకారం దానికి గంట ముందు లేవాలి. వంటకూ బిడ్డకూ ఇంకో గంట ముందు. ఇలా వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే కొన్నాళ్లకు నిన్నటి రాత్రే లేవాల్సి వస్తుంది.

ఇక ప్రతిపదార్థం. ఉదయం, నిద్ర, ఇల్లు, ఉద్యోగం, రెండూ, హాయిగా. ఇవన్నీ స్పష్టం. (వ్యాఖ్యాత ‘స్పష్టం’ అని రాసి దాటేసిన చోటే పాఠకుడు చెప్పు విడిచి కూర్చోవాలని పాత పండితుల దగ్గర చదువుకున్నవాళ్లకు తెలుసు. ‘హాయిగా’ అనే పదం దగ్గర ఈ వ్యాఖ్యాత కావాలనే పరుగెత్తాడు.) ఆగవలసిన పదం ఒకటే ఉంది: గంట.

మన పూర్వుల రోజుకు 60 గడియలు. గడియంటే 24 నిమిషాలు. గడియకు 60 విఘడియలు, విఘడియకు 24 సెకన్లు. రెండు గడియలు ముహూర్తం, ఏడున్నర గడియలు జాము. సూత్రంలోని గంట వెలకట్టి చూస్తే రెండున్నర గడియలు. సూర్యోదయానికి నాలుగు గడియల ముందు మొదలై రెండు గడియలుండే కాలం బ్రాహ్మీ ముహూర్తం. ఆ వేళ లేచినవాడికి ఆయువు, తేజస్సు, జ్ఞానం అన్నీ పెరుగుతాయని చెబుతారు. ఆ వేళ లేచినవాడికి కాఫీ ఎవరు ఇస్తారో, ఇచ్చే మనిషి ఇంకెన్ని గడియల ముందు లేవాలో ధర్మశాస్త్రాలు విచారించలేదు.

గడియను కొలిచే పద్ధతి గడియ కంటే అందంగా ఉంటుంది. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదులుతారు. నీరు చిన్నగా లోపలికి ఊరుతుంది, గిన్నె నిండి మునుగుతుంది. ఒక మునక ఒక గడియ. పగలూ రాత్రీ కలిసి అరవై సార్లు మునగాలని సూర్యసిద్ధాంతం కొలత చెప్పింది. ఘటిక అనే ఆ గిన్నె నుంచే గడియ, దాని నుంచే గడియారం. తిరుమణి వైపు కూడా నీళ్లతో కాలం కొలిచే పద్ధతి ఇంకా బతికే ఉంది. పావగడ తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ కాబట్టి తాగే నీరు ఊరి శుద్ధి కేంద్రం నుంచి బిందెలూ క్యాన్లూ నింపి తెచ్చుకోవాలి. ఆ వరుసలో నిలబడ్డ మనిషికి రాగి గిన్నె అక్కర్లేదు, ముందున్న క్యాన్లు లెక్కపెడితే గడియలు తేలిపోతాయి.

ఘటికా యంత్రానికి కాపలా కావాలి. గిన్నె మునిగిన మరుక్షణం కంచు పళ్లెం మీద కొట్టి ఊరికి చెప్పాలి, గిన్నె తీసి మళ్లీ తేల్చాలి. అర్ధరాత్రీ అంతే, వానలోనూ అంతే. బాబరు హిందూస్థానం వచ్చినప్పుడు, గడియ కొట్టే ఈ గడియాలీలను చూసి, వాళ్ల పద్ధతిని తన ఆత్మకథలో ఓపిగ్గా వర్ణించాడు. ఊరంతా నిద్రపోతుంటే కొందరు మేలుకుని వేళ చూసేవారు. పట్టణాల్లో దానికోసం మనుషులను ప్రత్యేకంగా పెట్టేవారు, వంతులుండేవి. వేళకు ముందే మేలుకుని ఉండటం ఒకప్పుడు ఉద్యోగం. దాన్ని ఉచిత సద్గుణంగా మార్చిన మహానుభావుడెవరో!

గిన్నె మాట వచ్చింది గనుక లీలావతి కథ చెప్పకుండా దాటిపోవడం అన్యాయం. భాస్కరాచార్యుడు 1114లో పుట్టాడు, 1150లో సిద్ధాంత శిరోమణి రాశాడు. అందులో మొదటి భాగం లీలావతి. అక్బరు ఆజ్ఞ మీద ఫైజీ 1587లో దాన్ని పారసీలోకి అనువదించినప్పుడు ఒక కథ చేర్చాడు. చరిత్ర దాన్ని నమ్మదు, కథ మాత్రం చావదు. భాస్కరుడి కూతురు లీలావతి. ఆమెకు పెళ్లి యోగం ఒకే ఒక్క శుభ ఘడియలో ఉందట. తండ్రి గిన్నె తేల్చి పెట్టాడు. పిల్ల ఊరుకోక, గిన్నెలోకి నీళ్లు ఎలా వస్తున్నాయా అని వంగి చూసింది. పెళ్లి బట్టల్లోని ముత్యం ఒకటి జారి గిన్నెలో పడి రంధ్రాన్ని మూసేసింది. నీరు ఊరలేదు, గిన్నె మునగలేదు, ముహూర్తం దాటిపోయింది. తండ్రి కుమిలిపోయి, నీ పేరు చిరకాలం నిలిచేలా ఒక గణిత గ్రంథం రాస్తానన్నాడు.

పండితులు ఈ కథలో విధి బలాన్ని చూస్తారు, గణిత చరిత్రకారులు ఘటికా యంత్రాన్ని చూస్తారు. ఈ వ్యాఖ్యాతకు కనిపించేది ఉద్యోగస్థుడైన తండ్రి. దేశంలోకెల్లా పెద్ద గణితవేత్త ఇంట్లో పెళ్లి. కూతురి జీవితమంతా ఆధారపడిన గిన్నె దగ్గర పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. తండ్రి పనిలో ఉన్నాడు. తల్లి ఎక్కడుందని ఫైజీ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. పెళ్లింట్లో విస్తళ్ల లెక్క, వియ్యాలవారి మర్యాద, పొయ్యి మీద పులుసు ఇవన్నీ విడిచి ఆమె గిన్నె ముందు కూర్చునే వీలు ఉంటుందా? ఇక జరిగిన నష్టానికి పరిహారం చూడండి. పిల్లకు అన్యాయం జరిగితే పుస్తకం రాసి సరిపెట్టడం తండ్రులకే చెల్లింది. అదే తల్లి గిన్నె కాపలా మరచిపోయి ఉంటే, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆమెను గంట ముందే లేచి ఉండాల్సింది అనేవారు.

భాస్కరుడి లెక్కలు అక్కడితో ఆగవు. ఒక తొట్టిని నాలుగు ఊటలు విడివిడిగా ఇంతింత కాలంలో నింపితే, నాలుగూ కలిసి ఎంతలో నింపుతాయి అనే జాతి లెక్కలున్నాయి. మన పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లో తెనిగించినప్పుడూ పనీ కాలమూ పంచుకునే లెక్కలకు లోటు చేయలేదు. ఒక్క లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. ఒకే మనిషి ఒకే వేళ కుక్కర్ దగ్గరా, కుళాయి దగ్గరా, బడి బస్సు దగ్గరా, పని గేటు దగ్గరా ఉండాలంటే ఎంతమంది కావాలి?

మూలం ఎక్కడో దూరంగా ఉండిపోయింది. గంట ముందే నిద్ర లేస్తే. సరే.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానిమీద వెచ్చిస్తున్నారు. పాల్గొనే మగవాళ్లు 88 నిమిషాలు. గడియల్లోకి మార్చితే ఆమెకు పన్నెండు గడియలు, ఆయనకు మూడు గడియల నలభై విఘడియలు. బిడ్డలనూ ముసలివాళ్లనూ చూసుకోవడం దీనికి అదనం. ఆమెకు 137 నిమిషాలు, ఆయనకు 75. ‘పాల్గొనే’ అనే విశేషణాన్ని మల్లినాథుడైతే వదిలిపెట్టడు. 2019 సర్వేలో రోజులో ఇంటి పని ముట్టుకున్న ఆడవాళ్లు 81 శాతం పైచిలుకు, మగవాళ్లు 26 శాతం. ముట్టుకున్న ఆ కొద్దిమంది మగవాళ్ల సగటు అప్పుడు 97 నిమిషాలు ఉండేది, ఐదేళ్లలో 88కి దిగింది. ఈ లెక్కన వాళ్లెవరికీ గంట ముందే లేవాల్సిన అవసరం లేదు, గంట ఆలస్యంగా లేచినా సరిపోతుంది.

సూత్రంలోని గంట ఎక్కడి నుంచి వస్తుంది? రోజుకు అరవై గడియలే. బంకుల్లో దొరకదు, రేషన్‌లో ఇవ్వరు. పని వేళ యజమాని చేతిలో ఉంది, బడి వేళ ప్రభుత్వం చేతిలో ఉంది, బస్సు వేళ డిపో చేతిలో ఉంది. అంగన్‌వాడీ సాయంత్రం నాలుగింటికి తలుపు వేస్తుంది, పని నాలుగింటికి వదలదు. ఇన్ని వేళల్లో ఎవరినీ అడగకుండా కోయగలిగింది ఒక్క నిద్రే. ఈ మాట చెప్పడానికి ఇన్ని గడియలు పట్టింది, క్షమించాలి.

అన్వయం. ‘లేస్తే’ చేదర్థకం, దానికి కర్త కావాలి. మూలంలో కర్త లేదు. కర్త లేని చోట అధ్యాహారం చేసుకోవాలని శాస్త్రం. “ఇంట్లో పెద్దవాళ్లెవరైనా” అని అధ్యాహారం చేయవచ్చు, వ్యాకరణం అడ్డు చెప్పదు. ఎవరూ అలా చేయరు. మగవాడు ఈ వాక్యాన్ని చదివి భార్య వైపు చూస్తాడు, అత్తగారు చదివి కోడలి వైపు చూస్తుంది. కర్త పేరు రాయకుండానే కర్త ఎవరో ఇంత కచ్చితంగా తెలిసే వాక్యం తెలుగులో మరొకటి ఉండదు.

సరిహద్దు ఊరు కాబట్టి ఇక్కడొక విశేషం. తెలుగులో యజమాని అంటే ఇంటాయన. కన్నడంలో యజమాన మగవాడు, యజమాని ఆడమనిషి. కర్ణాటక ప్రభుత్వం 2023 ఆగస్టు నుంచి ‘గృహలక్ష్మి’ పథకం కింద నెలకు 2,000 రూపాయలు ఇస్తున్నది ఇంటి ‘యజమాని’కి. తిరుమణిలో ఒకే మాట గడప ఇవతల ఆయన, గడప అవతల ఆమె. ఆ 2,000ను ముప్పై రోజులకూ, రోజుకు పన్నెండు గడియలకూ పంచితే గడియకు ఐదున్నర రూపాయలు పడుతుంది. పథకం జీతమని ప్రభుత్వం ఎప్పుడూ అనలేదు, ఈ భాగహారం వ్యాఖ్యాత చాపల్యం. ఆ డబ్బు ఇంట్లో ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టగలగడం చిన్న విషయమూ కాదు. ‘గృహలక్ష్మి’ అనే పేరుతోనే కె.ఎన్. కేసరి గారు 1928లో మద్రాసు నుంచి పత్రిక మొదలుపెట్టారు. దాదాపు వందేళ్లుగా గృహానికి లక్ష్మి దొరుకుతూనే ఉంది, విష్ణువు శేషతల్పం దిగడం లేదు.

అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం వేరొకచోట ఉంటే అసంగతి అని అప్పయ్య దీక్షితులు కువలయానందంలో నిర్వచించాడు. పిల్లను వదలడానికి చోటు లేకపోవడం పని చోట ఉన్న లోపం. దానికి చికిత్స వంటింట్లో, అదీ చీకట్లో.

ఇక్కడ పట్టా లేనివాళ్ల సంగతి చెప్పాలి. కౌలు డబ్బు భూమి ఉన్నవాళ్లకు వచ్చింది. చెనక్కాయ చేలో కలుపు తీసి, కాయలు పీకి, ఒలిచి బతికే కూలి తల్లికి పొలం పోయింది, పైసా రాలేదు. పొలం పనికి జీతం తక్కువే, ఎండ ఎక్కువే. అయినా గట్టు మీద చెట్టుండేది. పాత చీరతో కొమ్మకు ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టి, రెండు సాళ్లు తీసి వచ్చి పాలిచ్చే వీలుండేది. ఇప్పుడు ప్యానెళ్ల కింద గడ్డి కోసే పని దొరికినవాళ్లకు కంచె ఉంది, గేటు ఉంది, హై వోల్టేజీ హెచ్చరిక ఉంది. ప్యానెళ్ల దగ్గర చెట్టుండకూడదు, నీడ పడితే కరెంటు తగ్గుతుంది. బిడ్డను లోపలికి తేకూడదు, అదీ న్యాయమే. మరి బిడ్డ ఎక్కడ? ముసలమ్మ దగ్గర, లేదా బడి మానేసిన అక్క దగ్గర. పొరుగూళ్లకు కూలికి పోయేవాళ్లకు దూరం కూడా తోడవుతుంది.

చట్టం నిద్రపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం యాభై మందికి తగ్గకుండా ఉన్న ప్రతి సంస్థలోనూ ఉండాలంది, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి చూసుకోవచ్చంది. ఇరవై మంది ఒక గుత్తేదారు కింద, పదిహేను మంది ఇంకో గుత్తేదారు కింద ఉంటే యాభై ఎప్పటికి కుదురుతుందో అది చెప్పలేదు. ఉపాధి హామీ కూలీల చిన్నపిల్లల కోసం కర్ణాటకలో ‘కూసిన మనె’ పేరుతో 4,000 గ్రామ పంచాయతీల్లో శిశుగృహాలు తలపెట్టారు. ఈ ఒక్క ఆలోచన మాత్రం తల్లి నిద్ర జోలికి పోకుండా బిడ్డకు చోటు వెతికింది. మార్చి 8 సభల్లో దీని మీద ఉపన్యాసాలు అరుదు, దీనికి శాలువా కప్పడం కుదరదు కదా.

పూర్వపక్షం: “మా అవ్వ కోడి కూయకముందే లేచి రాగులు విసిరేది. ఇప్పటివాళ్లకు మిక్సీ ఉంది, గ్యాసుంది, అయినా గంట లేవలేరా?”

సమాధానం: విసిరింది. విసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చునేవారు, నోట పాట ఉండేది, తోడికోడలు నీళ్లకు పోయేది. దీపం ఆర్పేసి తొందరగా పడుకునే ఊరు అది. ఇంతకీ అవ్వ హాయిగా ఉందని చెప్పింది మనవడు, అవ్వ కాదు. యంత్రం వస్తే పని తగ్గుతుందన్న నమ్మకాన్ని అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే ఒక పుస్తకమంతా రాసి కొట్టేసింది. బట్టలు ఉతికే యంత్రం వచ్చాక బట్టలు మరింత తరచుగా ఉతుకుతారు. ఆ ఉతుకుడు మళ్లీ అమ్మకే.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో ‘హాయిగా’ బదులు ‘ఎలాగోలా’ అని ఉంది. అదే ప్రాచీన పాఠమని నిద్రాపహారిణీకారుడి అభిప్రాయం. ఇంటా బయటా చేసే తల్లులు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఈ పాఠమే వాడతారు, సభ కోసం ఎవరో దిద్దినట్టుంది.

ఇక దీని పక్కనే కనిపించే రెండో సూత్రం: “ఇంటి పనులను అందరూ పంచుకోవాలి.” చూడగానే వ్యాఖ్యాత ప్రాణం లేచొచ్చింది. ఇందులో కర్త ఉంది, బహువచనంలో ఉంది. అధ్యాహారం అక్కర్లేదు. కిందనే సూత్రకారుడి సొంత వివరణ ఉంది: “అమ్మాయికి చిన్నప్పటి నుంచే గిన్నెలు సర్దడం, తమ్ముణ్ణి చూసుకోవడం అలవాటు చేయండి.” తమ్ముడికి ఏం అలవాటు చేయాలో రాయలేదు. నాన్నగారి ప్రస్తావన లేదు. ‘అందరూ’ అంటే ఎవరో విడమర్చి రాద్దామని వ్యాఖ్యాత కలం తీశాడు గానీ, మూలంలో లేనిది రాయనని మల్లినాథుడు పెట్టుకున్న ఒట్టు టీకాకారులందరికీ వర్తిస్తుంది.